గంగరత్న తీసిన ట్రైలర్

గంగరత్న దువ్వూరు నుంచి ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీకి బస్సులో వస్తుంది. డ్రైవరు వెనక సీటు దొరక్కపోతే నిలబడే వస్తుంది. బస్టాండులో దిగాక చున్నీ కొస బిగించి పట్టుకుని, సెల్‌ఫోను ముఖానికి ఎదురుగా ఎత్తి, గబగబా నడుస్తుంది. అందం చూసుకుంటోందని తోటివాళ్లు నవ్వుకుంటారు.

కాలేజీ పోటీకి ఆమె తీసిన థ్రిల్లర్ ట్రైలర్‌ను అందరి ముందూ వేశారు. మొదట చీకటి, అందులో ఆయాసపడే ఊపిరి. తర్వాత సందులో నడిచే అమ్మాయి పాదాలు, వెనక ఆగి ఆగి వచ్చే మోటారుసైకిలు. గుండె చప్పుడు పెరిగేకొద్దీ దృశ్యాలు వేగంగా మారాయి. చివర బండి మీదివాడి ముఖం తెర నిండా నిలిచిపోయింది.

"విలన్ ముఖం ట్రైలర్లోనే చూపిస్తే ఇంక సస్పెన్స్ ఏముంటాది?" అన్నాడు లెక్చరర్ రాఘవేంద్ర.

"వాడు యాక్టరు కాదు సార్." గంగరత్న లేచి నిలబడింది. "దినామూ బస్టాండు కాన్నుంచి నా ఎనకాలే వస్తాండాడు. నడుస్తానే ఫోన్లో తీసినా. ఇంట్లో చెప్తే సదువు మాన్పిస్తారు. అందుకే ఈడ చూపిస్తాండా."

వెనక వరసలోంచి సుమతి అనే అమ్మాయి లేచింది. తెర వైపు చూడలేక తల వంచుకుని, "వాడే సార్," అంది. "మా అక్క కాలేజీ మానేసింది వీని వల్లనే."