కరీం బాషా తల మీద గీత

పూర్ణా మార్కెట్ వెనక సందులో కరీం బాషా సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, ఊగుతూ తిరిగే ఫ్యాను. ఒక కుర్చీ దగ్గర బాషా, రెండో దాని దగ్గర కొడుకు ఆసిమ్ నిలబడి పనిచేస్తారు. బాషాకి అరవై దగ్గరపడుతోంది గానీ జుట్టు మాత్రం ఇప్పటికీ ఒత్తుగా ఉంటుంది. భార్య జన్నత్ బీ ప్రతి నెలా గోరింటాకు రుబ్బి తలకి పట్టిస్తుంది. ఎర్రగా పండిన ఆ క్రాఫుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటే గానీ మనిషి పని మొదలుపెట్టడు.

ఆ సందు దాటితే మగపిల్లల హైస్కూలు. బాషా ఎనిమిదో తరగతి దాకా అక్కడే చదివాడు. తండ్రికి చేతులు వణకడం మొదలయ్యాక పుస్తకాలు పక్కన పెట్టి కత్తెర పట్టుకున్నాడు. అయినా ఆ స్కూలంటే అతనికి వల్లమాలిన ప్రేమ. జెండా పండగకి తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి ప్రహరీ గోడ బయటే నిలబడి చూసి వచ్చేవాడు. అందుకే హెడ్మాస్టరు నీలకంఠం గారు మనిషిని పంపి పిలిపించినప్పుడు, ఏం పని అని కూడా అడక్కుండా వెళ్ళాడు.

నీలకంఠం గారు గోదావరి జిల్లా నుంచి వచ్చిన మనిషి. లెక్కలు బాగా చెబుతారు. సాయంత్రాలు వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి ఊరికే పాఠాలు చెబుతారు. అయితే మగపిల్లలు భయం లేకపోతే చెడిపోతారని ఆయన గట్టి నమ్మకం. జుట్టు చెవుల మీదికి దిగితే దాన్ని ఆయన జుట్టుగా చూడరు, తిరుగుబాటుగా చూస్తారు. నెలకో సోమవారం ప్రేయర్ అయ్యాక జుట్టు పెరిగిన పిల్లల్ని ముందు నిలబెట్టించేవారు. బాషా ఒక్కొక్కడి తల మీదా నుదుటి నుంచి మెడ దాకా మిషనుతో ఒక గీత గీసేవాడు. మిగతాది వాళ్ళే కత్తిరించుకుని రావాలి. గీత పడినప్పుడల్లా గ్రౌండంతా నవ్వేది. హెడ్మాస్టరు పక్కన స్టేజీ మీద నిలబడటం బాషాకి గొప్పగా ఉండేది. పిల్లలు నవ్వితే అతనూ నవ్వేవాడు.

ఒక సోమవారం ఆ వరుసలో తొమ్మిదో తరగతి జయంత్ నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉండే కుర్రాడు. వాళ్ళ నాన్న చలమయ్య పోర్టులో క్రేన్ ఆపరేటరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పోర్టు క్వార్టర్స్‌లో ఉంటున్నారు.

"వద్దండీ. రేపు కత్తిరించుకొస్తానండీ," అన్నాడు జయంత్, రెండు చేతులూ తల మీద పెట్టుకుని.

"సెయ్యి తియ్యి బాబూ, బేగి అయిపోద్ది," అన్నాడు బాషా.

మిషను నడినెత్తి దాటాక అతని వేళ్ళకి నున్నగా ఏదో తగిలింది. జుట్టు కింద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుక లేదు. ఆ పక్కనే ఇంకొకటి. పేనుకొరుకుడు. దాన్ని దాచుకోవడానికే పిల్లాడు జుట్టు పెంచుకున్నాడు. అప్పటికే గీత పడిపోయింది, మచ్చలు బయటపడిపోయాయి. ముందు వరుసలోంచి నవీద్ అనే కుర్రాడు "రూపాయి బిళ్ళ!" అని అరిచాడు. ఆ రోజు నవ్వు చాలాసేపు ఆగలేదు. బాషా మాత్రం నవ్వలేకపోయాడు. మిగిలిన పిల్లలకి చెయ్యకుండానే మిషను సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ వారం చివర్లో జయంత్ వాళ్ళమ్మ నాగమణి సెలూన్ మెట్లెక్కింది. కుర్చీల్లో మనుషులున్నా ఆవిడ ఆగలేదు.

"మీరేనా అండీ, మా జయంత్ తల మీద మిషను పెట్టింది?"

"నానేనమ్మా."

"వాడు గది తలుపు తియ్యట్లేదు. అన్నం లోపలికి పెట్టి రావాల్సి వస్తోంది. స్కూలు పేరెత్తితే వణికిపోతున్నాడు. ఎన్నాళ్ళ నుంచో మందు రాస్తున్నాం, ఇప్పుడిప్పుడే వెంట్రుకలొస్తున్నాయి. మీ హెడ్మాస్టరు గారికి తెలీదు, సరే. రోజూ తలలు పట్టుకునే మీకైనా తెలియలేదా?"

"తెలిసిందమ్మా. తెలిసేసరికి మిషను దాటిపోయింది."

నాగమణి ఇంకేదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆసిమ్ తండ్రి వైపు చూశాడు. "మనకేటి అబ్బా? హెడ్మాస్టరు గీమన్నాడు, నువ్వు గీసినావు. ఆయన్నడగమను."

"సెయ్యి ఎవులిదిరా?" అన్నాడు బాషా. "నాదే కదా."

తర్వాతి నెల సోమవారం అతను ఎప్పటిలాగే సంచి పట్టుకుని స్కూలుకి వెళ్ళాడు. ప్రేయర్ అయింది. పిల్లలు వరుసగా వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు. "కానివ్వండి బాషా గారూ," అన్నారు నీలకంఠం గారు.

"సారూ, మైకు ఓసారి ఇత్తారా?"

పిల్లలకి రెండు మంచి మాటలు చెబుతాడనుకుని ఆయన ఇచ్చారు. బాషాకి మైకులో మాట్లాడటం అదే మొదటిసారి. దాన్ని మరీ నోటికి ఆనించి పట్టుకోవడంతో మాట గ్రౌండంతా మోగింది.

"నానూ ఈ స్కూల్లోనే సదివినాను. సారు పిలిత్తే గొప్పగా ఉండేది. ఒచ్చి మీ తలల మీద గీతలు గీసినాను. తప్పు సేసినాను. ఇంక గియ్యను. ఎవులు సెప్పినా గియ్యను. అయితే ఒక తల మీద గీత బాకీ ఉండిపోయింది. అది గీసేసి ఎల్లిపోతాను."

అని, బ్యాటరీ మిషను తీసి, నుదుటి దగ్గర పెట్టి తన నడినెత్తి మీదుగా వెనక్కి లాగేశాడు. గోరింటాకు పండిన ఎర్ర జుట్టు తెల్ల చొక్కా మీద రాలింది. మధ్యలో తెల్లగా చర్మం బయటపడింది. కొందరు నవ్వారు.

"నవ్వండి," అన్నాడు బాషా మైకులో. "గట్టిగా నవ్వండి. నాను పెద్దోడిని, తట్టుకుంటాను."

నవ్వు అక్కడితో సన్నగిల్లిపోయింది. నీలకంఠం గారి మొహం ఎర్రబడింది. మైకు లాక్కుని, చేత్తో మూసి, "ఏంటండీ ఈ నాటకం? పిల్లల ముందు నన్ను చులకన చేస్తారా?" అన్నారు.

"మిమ్మల్ని ఏటీ అన్లేదు సారూ. మీరు సెప్పిన పని సెయ్యనన్నాను."

"మీరు కాకపోతే ఊళ్ళో ఇంకెవరూ దొరకరనుకున్నారా?"

"అడిగి సూడండి," అని బాషా స్టేజీ దిగి పిల్లల మధ్య నుంచే గేటు వైపు నడిచాడు.

ఇంట్లో జన్నత్ బీ అతన్ని చూసి గుండెలు బాదుకుంది. "అజీ, ఏటిది? పిచ్చి గానీ పట్టిందా?" జరిగింది విన్నాక పీట ముందుకి జరిపి, "సరే, కూకోండి. మొత్తం తీయించేసుకుంటే ఎవులికీ తెలీదు," అంది.

"తెలవాలి," అన్నాడు బాషా. "ఉండనీ."

అలాగే ఉంచుకున్నాడు. నమాజుకి టోపీ పెట్టుకునేవాడు, అది కాగానే తీసేసేవాడు. మార్కెట్లో కూరగాయల వాళ్ళు పిలిచి మరీ నవ్వేవారు. "ఏటి బావా, తల మీద రోడ్డేసినావు?" అని అడిగినవాళ్ళందరికీ, ఎందుకు గీసుకున్నాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పేవాడు. విసుక్కోలేదు. ఆ రోజుల్లోనే సాయంత్రాలు ఒక్కొక్క సెలూనుకీ వెళ్ళి, కోట వీధి దాకా తిరిగి, తోటి పనివాళ్ళకీ ఇదే చెప్పాడు. "పిలుత్తారు. ఎల్లకండి. కత్తిరించమంటే ఎల్లండి. గీత గియ్యమంటే మాత్రం రామని సెప్పీయండి." కొందరు నీకెందుకొచ్చిన గొడవ అన్నారు. కానీ స్కూలు ప్యూను కబురు తెచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. చివరికి నీలకంఠం గారు డ్రిల్లు మాస్టారు ఎల్లాజీకి మిషను ఇవ్వబోతే, "నాకు రాదు సార్. సెవులు తెగితే మీదే పూచీ," అని అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడట.

తల మీద గీత ఇంకా అలాగే ఉండగా బాషా పోర్టు క్వార్టర్స్‌కి వెళ్ళాడు. నాగమణి గుమ్మంలోనే ఆపుదామనుకుంది గానీ, అతని తల చూసి పక్కకి తప్పుకుంది. జయంత్ మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. బాషా నేల మీద కూర్చున్నాడు.

దుప్పటి తొలగించి ఆ తల చూసి, కుర్రాడే అడిగాడు. "మీకు సిగ్గెయ్యలేదా అండీ?"

"ఎయ్యలేదేటి? మార్కెట్లో నడుత్తుంటే కాళ్ళు తడబడినాయి."

"మరెందుకు చేశారు?"

"నీ మీద గీసినోడిని నాను. ఆ సిగ్గు నీదెలగవుద్ది? నాదే. తప్పయిపోయింది బాబూ."

జయంత్ ఏడ్చాడు. బాషా వద్దనలేదు. ఏడుపు తగ్గాక, సంచిలోంచి కత్తెర తీసి, మచ్చలు కనబడకుండా ఎలా దువ్వుకోవచ్చో, చుట్టూ ఎంత ఉంచాలో చూపించి కత్తిరించాడు. "దాసుకోవాలనిపిత్తే దాసుకో. వద్దనిపిత్తే ఒగ్గీ. నీ ఇష్టం. స్కూలు మాత్రం ఎవులికోసమూ ఒగ్గకు. నాను ఎనిమిదో తరగతిలో ఒగ్గీసినాను, ఇప్పటికీ గోడ బయటే నిలబడతన్నాను."

మర్నాడు ఇద్దరూ కలిసి గేటు దాకా నడిచారు. ఒకరిద్దరు "రూపాయి బిళ్ళ" అన్నారు. జయంత్ ఆగి, వెనక్కి తిరిగి బాషా వైపు చూసి, లోపలికి వెళ్ళాడు.

తెలుగు టీచరు అనూరాధ మేడం ఆ గేటు దగ్గరే బాషాని పట్టుకుంది. శనివారం స్కూలు అయ్యాక పిల్లలకి ఇక్కడే మామూలుగా క్రాఫు చెయ్యగలరా అని అడిగింది. జుట్టు మీద గొడవా ఉండదు, పిల్లలు నలుగురూ కలిసి ఒకచోట కూర్చుంటారు కూడా అంది. నీలకంఠం గారు ఒప్పుకోలేదు. "ఇది స్కూలా, సెలూనా అండీ?" అన్నారు. బాషా వాదించలేదు. శనివారం గేటు బయట ఫుట్‌పాత్ మీద కుర్చీ వేసుకున్నాడు. అది హెడ్మాస్టరు గారి స్థలం కాదు.

అక్కడ అతను పెట్టిన నియమం ఒక్కటే. కుర్చీలో ఉన్నవాణ్ణి చూసి నవ్వినవాడు రాలిన జుట్టంతా తుడవాలి. మొదట్లో ప్రతిసారీ తుడిచింది నవీదే. పూర్ణా మార్కెట్లో వాళ్ళ నాన్నకి కిరాణా హోల్‌సేల్ షాపుంది, బాషాకి బాగా తెలిసినవాళ్ళు. "మా నాన్నకి సెప్తాను," అని నవీద్ బెదిరించాడు. "సెప్పు. సీపురు ఇచ్చీసి ఎల్లి సెప్పు," అన్నాడు బాషా.

ఒక శనివారం నవీదే కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డ కప్పాక, అద్దం కూడా లేని ఆ ఫుట్‌పాత్ మీద, ఎదురుగా రోడ్డుని చూస్తూ మెల్లగా అన్నాడు. వాళ్ళమ్మ చాలా రోజులుగా పెద్దాసుపత్రిలో ఉంది. రాత్రుళ్ళు నాన్న అక్కడ ఉంటాడు. ఇంట్లో చెల్లెలు అనమ్, తనూ. అన్నం తనే వండుతున్నాడు. స్కూల్లో ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకు సెప్పలేదురా?"

"నవ్వుతారని."

చుట్టూ ఉన్న కుర్రాళ్ళలో ఎవరూ నవ్వలేదు. జయంత్ కాసేపు చెప్పు కాలితో నేల గీకాడు. తర్వాత, "ఆసుపత్రికి నేనొస్తాను. అనమ్‌ని మా ఇంట్లో ఉంచుదాం, మా అమ్మ చూస్తుంది," అన్నాడు. నవీద్ తల ఊపాడు. బాషా కత్తెర ఆపి, వాడి తల నిటారుగా పెట్టి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు.

వర్షాకాలం వచ్చింది. ఒక శనివారం వాన జోరుగా పడుతుంటే పిల్లలే కుర్చీ ఎత్తుకుని స్కూలు వరండాలోకి తెచ్చేశారు. నీలకంఠం గారు గదిలోంచి బయటకి వచ్చి, గొడుగు తడి దులుపుకుంటున్న బాషాని, కుర్చీని పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని చూశారు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. సోమవారం ఎలక్ట్రీషియను వచ్చి వరండా గోడకి, సరిగ్గా ఆ కుర్చీ వేసిన చోట, మిషను పెట్టుకునే ప్లగ్గు ఒకటి బిగించి వెళ్ళాడు. ఆ ప్లగ్గు గురించి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. బాషాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటారు. బాషా కూడా ముందుగా పలకరించడు.

పేరెంట్స్ మీటింగులో ఒక పెద్దమనిషి, స్కూల్లో పిల్లలకి భయం పోయిందని, హెడ్మాస్టరు మెత్తబడిపోయాడని ఫిర్యాదు చేశాడు. జయంత్ వాళ్ళ నాన్న చలమయ్య డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. లేచి, "మా వాడికి భయం పోయిందండీ. నాకదే కావాల్సింది," అని కూర్చున్నాడు.

మొన్నీమధ్య ఇంకో స్కూలు నుంచి ఒక ఉద్యోగి సెలూన్‌కి వచ్చాడు. నెలకోసారి వచ్చి జుట్టు పెరిగిన పిల్లల్ని కాస్త దారిలో పెట్టాలన్నాడు. బాషా చేతిలో ఎవరి గడ్డమో సగం నురగతో ఉంది. తల తిప్పకుండానే అన్నాడు.

"క్రాఫు సెయ్యమంటే ఒత్తాను. పిల్లల్ని నలుగురిలో నిలబెట్టమంటే రాను. ఈ వన్‌టౌన్‌లో ఎవుడూ రాడు. ఎల్లండి."

ఆ మనిషి గుమ్మంలోనే తటపటాయించి వెళ్ళిపోయాడు. ఆసిమ్ ఫ్యాను స్పీడు పెంచాడు. బాషా గడ్డం పని ముగించి, గుడ్డ దులిపి, బెంచీ మీద కూర్చున్న వాళ్ళ వైపు తిరిగి, "తర్వాత ఎవులు?" అన్నాడు.