సత్తెమ్మ నెత్తిమీది పగులు

మీ గల్లీలోని ఒక పాత కట్టడాన్ని పరిశీలించి రిపోర్టు రాయండని మా ఇంజనీరింగ్ కాలేజీ ఎథిక్స్ సార్ చెప్పారు. నేను మొఘల్‌పురాలో మా ఎదురింటి బాల్కనీ గురించి రాశాను. దాని కిందే సత్తెమ్మ ఇస్త్రీ బండి. బాల్కనీ అడుగున పడ్డ పగులుకు మంచి పోలిక దొరికే దాకా మూడుసార్లు తిరగరాశాను.

ఈ రోజు సార్ దాన్ని క్లాసులో చదివి వినిపించారు. చప్పట్లు ఆగాక అడిగారు.

"మంచిగ రాసినవ్. మరి ఆమెకు చెప్పినవా?"

"లేదు సార్. మీకే సబ్మిట్ చేసిన."

"దాని కింద నేను నిలబడ్తలేను గద!"

బస్సు దిగి నేరుగా సత్తెమ్మ దగ్గరికి వెళ్లాను. బాల్కనీ ఎప్పుడైనా పడొచ్చు, బండి పక్కకు జరపమన్నాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"నాకెర్క లేదా బిడ్డా? దినాం సున్నం రాలుతనే ఉంటది, దులుపుకుంటనే ఉన్న. జరిపితే పక్క దుకాణపోళ్లు లొల్లి చేస్తరు. నువ్వు సదువుకున్నవ్ గద, ఇంకెన్ని దినాలాగుతదో చెప్పు. గప్పటిదాంక ఈడనే ఉంట."

నా రిపోర్టులో ఆ లెక్క లేదు. రేపు పొద్దున ఆ ఇంటి యజమానిని కలుస్తాను. ఇప్పుడైతే, ఎదుట ఏ చిన్న చప్పుడైనా కిటికీ దగ్గరికి పరుగెత్తుతున్నాను. మీరైతే ఆమెకు ఎన్ని రోజులని చెప్పేవారు?