ఒక నంబర్ తక్కువ

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ తొలిసారి ఓటేసిన ఏడాదే నేను డర్బన్ దగ్గర వెరులంలో ఒక కళ్లజోళ్ల షాపులో చేరాను. దూరం కనిపించని పిల్లలకు మా షాపాయన ఎప్పుడూ ఒక నంబర్ తక్కువ అద్దాలే ఇచ్చేవారు.

"కొంచెం బ్లర్ ఉండనీ తమ్ముడూ. కన్ను లేజీ అవదు, నంబర్ పెరగదు."

సొంత కూతురికి పెద్దయ్యాక కూడా అంతే. రోజూ ఆమె రోడ్డవతల దూరంగా ఉన్న స్టాండులో డర్బన్ టాక్సీ ఎక్కుతుంటే, ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేవారు. ఆమె ఊపేది కాదు. "పిల్ల పెద్దదైపోయింది" అంటూ లోపలికి వచ్చేసేవారు.

నంబర్ తగ్గించి ఇస్తే చూపు ఇంకా పాడైపోవచ్చని ఆయన పోయాకే నాకు తెలిసింది. ఆమెకు పూర్తి నంబర్ అద్దాలు నేనే బిగించాను. పెట్టుకుని టాక్సీల దాకా వెళ్లి, వెంటనే తిరిగొచ్చింది.

"అన్నా, అక్కడ్నించి ఈ గుమ్మం కనిపిస్తాది! నాయన ఎప్పుడైనా ఇక్కడ నిలబడ్డాడా?"

"రోజూ" అన్నాను. చెయ్యి ఊపేవారని మాత్రం చెప్పలేకపోయాను.