దున్నకుండా మిగిలిన ఉత్తరపు వాలు

నా భార్య పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు పాలమూరు, నల్గొండ జిల్లాల్లో చాలా ఊళ్లలో ఉన్నారు. అందరికీ కబురు పంపలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పోవడానికి ముందు రోజు సాయంత్రం మిరుగం వాన, అంటే మృగశిర కార్తె వాన, పడింది. ఈ ఏడు అదే తొలి వాన. పొద్దున ఆమె ఎప్పటిలాగే నాకంటే ముందు లేచి చాయ్ పెట్టింది. పెరట్లోకి వెళ్లి మన్నులో వేలు గుచ్చి చూసి, "రెండు కణుపులు తడిసింది" అంది. తొమ్మిది గంటలప్పుడు రొట్టెలు చేస్తూ, ఎడమ చెయ్యి గుంజుతోందని కూర్చుంది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు మూడు నెలల కిందటే చెప్పాడు. కల్వకుర్తి నుంచి జీపు తెప్పించాను. అది వచ్చేసరికి పదకొండైంది. పాలమూరు దవాఖానకు బయలుదేరాం. జడ్చర్ల దాటాక ఆమె కళ్లు తెరిచి, "పరదా జర ఎత్తుండ్రి, మన్ను వాసన వస్తాంది" అంది. ఎత్తాను. ఆ తరువాత మాట్లాడలేదు. దవాఖాన మెట్ల దగ్గరే డాక్టరు నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు పన్నెండున్నర.

ఇంతే జరిగింది. ఆమె బతుకు గురించి మాత్రం ఇంత తక్కువలో చెప్పలేను.

మా ఊరు కల్వకుర్తికి ఏడు మైళ్లు. ఆమె ఊళ్లోని బడిలో సైన్సు చెప్పేది. హైదరాబాదులో డిగ్రీ చదివి, చెట్ల శాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకుని, ఈ రాళ్ల గుట్టల మధ్యకు వచ్చింది. నేను భూముల ఆఫీసులో గుమాస్తాను. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో ఆమె చేతిగోళ్లలో ఎప్పుడూ మన్ను ఉండేది. మా అమ్మ గొణిగేది. "గింత చదువు చదివి మన్ను పిసుకుడేందే?" అంటే, "చదివినంక తెల్సిందత్తమ్మా, పిసకాల్సింది గిదేనని" అనేది.

పిల్లలకు ఆమె పాఠం చెప్పడం తక్కువ, తిప్పడం ఎక్కువ. ఏ ప్రశ్న అడిగినా, "నన్ను గాదు, మన్నును అడుగుండ్రి" అనేది. ఇంకో మాట కూడా తరచుగా అనేది. ఎప్పుడైనా కొలత తప్పిపోతే పిల్లలు ఉజ్జాయింపుగా ఒక అంకె వేయబోయేవారు. ఆమె పలక లాక్కునేది. "తెలువదు అని రాయి. అది కూడా రాసుడే."

ఇప్పుడు గుట్ట సంగతి. మా ఊరికి ఆనుకుని ఉన్న గుట్టకు ఉత్తరపు వాలు బంచరాయి, అంటే మందలు మేసే భూమి. ఎండ తక్కువ తగులుతుంది కనుక చలికాలం చివరిదాకా అక్కడ పచ్చిక ఉంటుంది. వాలు కింద గొల్లల గూడెం, గూడేనికి ఒకే ఒక ఊట బావి. అరవైల మొదట్లో ఆ వాలును దున్నించి పల్లికాయ వేయించాలని ప్రతిపాదన వచ్చింది. ఆహారోత్పత్తి పెంచాలని అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే తొందర. ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. పటం చూసి, పాత రికార్డు చూసి, "గడ్డి కూడా సరిగా మొలవని పడావు భూమి, సాగులోకి తేవచ్చు" అని రాశాను. గుట్ట ఎక్కలేదు.

ఇంటికి వచ్చి మామూలుగా ఆ మాట చెప్పాను. ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"మీరు గుట్టెక్కిన్రా?"

"పటం ఉంది కదా."

"పటం మీద గడ్డి మొలువదు. గది నిజమే" అని పప్పు వడ్డించింది.

వారం తిరగకముందే ఆరుగురు అమ్మాయిలను వెంటేసుకుని గుట్ట ఎక్కింది. పెద్ద తరగతి పిల్లలు. ముగ్గురు గొల్లల గూడెం వాళ్లే. వాలు మీద పక్కపక్కనే రెండు మడులు రాళ్లతో గుర్తు పెట్టారు. ఒకటి గడ్డితో ఉన్నది ఉన్నట్టు. రెండోది దున్నించారు. ఒక్కో మడి కింది అంచున మట్టికాగు పాతారు. వాన పడ్డప్పుడల్లా ఏ మడి నుంచి ఎన్ని సోలెల నీళ్లు జారాయి, ఎంత మన్ను కొట్టుకొచ్చింది అని కొలవాలి. మన్ను ఎంత తడి పట్టుకుందో చూడటానికి దాన్ని పచ్చిగా తూచి, పెనం మీద ఎండబెట్టి మళ్లీ తూచాలి. ఆ పెనం మా ఇంటిదే. రెండేళ్లపాటు మా రొట్టెలు కసకసలాడాయి.

చివరి పరీక్ష అన్నిటికంటే కష్టం. మన్నులో ఆకు, వేరు, పేడ కలిసి కుళ్లిన భాగం ఎంత ఉందో తేల్చాలి. పుస్తకాల్లో కర్బనం అనేది ఆ భాగంలోనే ఉంటుంది. మన్ను నీళ్లు తాగి పట్టుకునేది దానివల్లే. ఎండిన మన్నును ఎర్రగా కాలిస్తే అది కాలిపోతుంది. ముందు తూకంలో వెనక తూకం తీసేస్తే లెక్క వస్తుంది. బడిలో కొలిమీ లేదు, త్రాసూ లేదు. ఆమె కంసాలి ఇంటికి వెళ్లింది.

"టీచరమ్మా, నా తరాజుల బంగారం తప్ప ఇంకోటి కూసోలే. మన్ను కూసోవెడితె లచ్చిమి అలుగుతది."

"బంగారం యాడికెల్లి తీస్తరన్నా? మన్నులకెల్లే గద!"

"మాటలల్ల నిన్ను ఎవలు గెలుస్తరు" అని అతను కుంపటి ఊదాడు. గురిగింజలతో తూచారు. కొన్నాళ్లకు ఆ పని అతనికి మాకంటే ఎక్కువ ఇష్టమైంది. కాలిపోయిన భాగాన్ని తన వృత్తి మాటతో తరుగు అనేవాడు. అమ్మాయిలూ అదే పట్టుకున్నారు. గడ్డి మడి మన్ను తరుగు ఎక్కువ, దున్నిన మడిది తక్కువ. "నా పనిల తరుగు ఎక్కువైతె జనం తిడతరు. మీ పనిల మెచ్చుకుంటుండ్రు. నేను గూడ మన్ను పనికే వస్త" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేవాడు.

తేడా కనిపిస్తోంది. కానీ దున్ని ఒక్క వానాకాలమే అయింది. అంత పెద్ద తేడా కాదు. దసరా తరువాత పంచాయతీ సమితి ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి, దున్నడమో మానడమో తేల్చేస్తానన్నారు. గూడేనికి ఆ బావి తప్ప దిక్కు లేదు. మందలకు ఆ వాలు తప్ప మేత లేదు. అమ్మాయిలకు నిద్ర పట్టడం లేదు.

ఆఫీసరు రావడానికి పది రోజుల ముందు, చివరి మన్ను తేవడానికి అమ్మాయిలు పొద్దున్నే గుట్ట ఎక్కారు. గడ్డి మడి నల్లగా ఉంది. అంచు నుంచి అంచుదాకా గొర్రె పెంట. నేను ఆ రోజు సెలవులో ఉండి ఆమెతోపాటు వెనక వస్తున్నాను. గూడెం పెద్దాయన గొంగడి భుజాన వేసుకుని, ముఖం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"టీచరమ్మా, పోరగాండ్లు ఎండల వానల తిప్పలు పడుతున్నరు. గా మన్నుల బలం లేదు. నాకు పానం ఆగలే. నిన్న మంద పెట్టిన. మూడు వందల గొర్లు. గింజ గూడ అడుగ."

మా వైపు మంద పెట్టడమంటే గొర్లను ఒక రాత్రి చేలో పడుకోబెట్టడం. ఆ పెంటతో చేను పండుతుంది. రైతులు బతిమాలి, జొన్నలు కొలిచి మంద పెట్టించుకుంటారు. ఊరికే పెట్టడం అంటే కూతురికి పెట్టినట్టే.

ఆరుగురిలో ఒకమ్మాయి ఆయన మనవరాలే. నెత్తి కొట్టుకుంది. "తాతా! కొంప ముంచినవ్! గా మడి జోలికి పోవద్దని వంద సార్లు జెప్పలే?"

"దున్నొద్దన్నవ్. కొయ్యొద్దన్నవ్. మంద పెట్టొద్దని ఎవలన్నరే? మంద పెట్టకుంట భూమికి బలమెట్ల వస్తది? ఏం చదువే నీది?"

ఆ పిల్ల ఏడ్చేసింది. పెద్దాయన ముఖం వాడిపోయింది. నా భార్య ఆయనకు దండం పెట్టింది. "మంచి పని జేసినవ్ పెద్దయ్యా. జర ముందుగాల చెప్తె ఇంకా మంచిగుండు" అంది. దిగుతూ నేను అడిగాను, కోపం రాలేదా అని. "తన దగ్గర ఉన్నదాంట్ల అన్నిటికన్న మంచిది తెచ్చి పెట్టిండు. ఎట్ల కోపం చేస్తం?" అంది.

ఆ మధ్యాహ్నం గడ్డి మడి మన్నును కంసాలి కాల్చాడు. తరుగు చూసి ఈల వేశాడు. దున్నిన మడికీ దీనికీ ఇప్పుడు ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా. ఆ అంకె చూస్తే ఏ ఆఫీసరైనా వాలును ముట్టుకోడు.

ఇంటికి వచ్చాక నేనన్నాను. "ఊరుకో. అబద్ధం చెప్పమనడం లేదు. అడిగితేనే చెప్పు. వందల నోళ్ల నీళ్ల సంగతి ఇది."

"గెలువాలె అనుకుంటె మంద పెట్టించుకోవచ్చు. తెలుసుకోవాలె అనుకుంటె గట్ల కుదురది" అంది. మళ్లీ తనే, "రేపు ఇంకో ఊర్ల ఇంకో పిల్ల కొలుస్తది. ఆమెకు గింత తేడా రాదు. అప్పుడు మనం చెప్పిందంత అబద్ధమైతది" అంది.

ఆఫీసరు వచ్చారు. బడి వరండాలో కూర్చున్నారు. ఫైలు పట్టుకుని వెంట వెళ్లిన గుమాస్తాను నేనే. అమ్మాయిలు ఒక్కొక్కరూ లేచి చదివారు. ఆఖరున పెద్దాయన మనవరాలు లేచి, "ఆఖరి తరుగు... తెలువదు సార్" అంది. ఎందుకు తెలియదో చెప్పింది. గొర్లతో సహా. వరండా బయట నిలబడ్డ గూడెం జనంలో గుసగుస లేచింది. "పోయింది, బాయి పోయింది" అని ఒక ముసలమ్మ అంది.

ఆఫీసరు కళ్లద్దాలు తీశారు. "ఇది చెప్పకపోతే మీరే గెలిచేవారు కదమ్మా. ఇప్పుడు నేను దేన్ని చూసి ఫైలు ఆపాలి?"

"ఇంకొక్క వానకాలం ఇయ్యుండ్రి సార్" అంది నా భార్య.

ఆయన నా వైపు తిరిగారు. "గడ్డి కూడా మొలవదని మీ రిపోర్టులో ఉంది. పిల్లలు ఇరవై రకాల గడ్డి పేర్లు చదివారు. మీరు చూసి రాశారా?"

ఆమె నా వైపు చూడలేదు. తన చీర కొంగు వైపు చూసుకుంటోంది.

"చూడలేదు సార్. పటం చూసి రాశాను."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తరువాత, "చూసిన పిల్లలు తెలియదంటున్నారు. చూడని మనం తెలుసని రాశాం" అన్నారు. ఒక ఏడాది ఆపమని ఫైలు మీద రాశారు. నాకు మెమో వచ్చింది. న్యాయమే.

మరుసటి వానాకాలం పెద్దాయన తన మందను మడుల దరిదాపులకు రానివ్వలేదు. గొర్రెపిల్ల తప్పిపోయి అటు వెళ్లినా కర్ర పట్టుకుని ఉరికేవాడు. గడ్డి మడిని ఆమె పాత చోట వదిలేసి కొత్త చోట గుర్తు పెట్టించింది. అన్ని కొలతలూ మొదటి నుంచి.

శ్రావణంలో మూడు రోజులు వాన దంచింది. నాలుగో పొద్దున ఆఫీసరు చెప్పకుండానే వచ్చారు. గొడుగు పట్టుకుని గుట్ట ఎక్కారు. ఈసారి నేనూ ఎక్కాను. అమ్మాయిలు కాగుల మూతలు తీశారు. దున్నిన మడి కాగు ఎర్ర బురదతో పొంగిపొర్లుతోంది. గడ్డి మడి కాగు అడుగున జానెడు నీళ్లు, కొబ్బరి నీళ్లంత తేటగా. రెండిటి మీదా పడిన వాన ఒక్కటే. ఆఫీసరు బురదలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, పిడికెడు మన్ను తీసి చూశారు.

"సార్, గా ఎర్రమన్ను ఎటు పోతదో ఎరికేనా? సక్కగ మా బాయిలకు" అన్నాడు పెద్దాయన. "మరి గీ మడి మీద పడ్డ వాన యాడ బోయిందంటరు?"

"లోపలికి" అన్నారు ఆఫీసరు.

"గదే మా ఊట!"

వాలును బంచరాయిగానే ఉంచాలని ఆయన అక్కడే, అమ్మాయిలు పట్టుకున్న గొడుగు కింద, సొంత చేతితో రాశారు. ఆరుగురూ అరిచిన అరుపుకు మందలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. పెద్దాయన గొర్లను మళ్లించడం మానేసి, తన గొంగడి తీసి నా భార్యకు కప్పాడు. తడిసి ముద్దయిన ఆ గొంగడితోనే ఆమె ఊరి నడివీధిలో నడిచి ఇంటికి వచ్చింది. రాణిలా ఉందని రాయను. చలికి వణుకుతోంది, నవ్వుతోంది. అంత సంతోషంగా ఆమెను నేను ముందు చూడలేదు.

ఆ తరువాత వానలు మొహం చాటేసిన ఏళ్లు వచ్చాయి. చుట్టుపక్కల బావులు ఎండాయి. గూడెం బావిలో కడవ మునిగింది. పొరుగూళ్లవాళ్లు బండ్ల మీద వచ్చి తోడుకుపోయారు.

ఆ ఆరుగురిలో ఒకామె గ్రామసేవిక, ఒకామె నర్సు. పెద్దాయన మనవరాలు దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో టీచరు. నా భార్య పోయిన మూడోనాడు వచ్చింది. ఏడవలేదు. ఇల్లు ఊడ్చింది, నాకు అన్నం పెట్టింది. వెళ్లేముందు గడప దగ్గర నిలబడింది.

"సార్, నేను పనిచేసే ఊరి గుట్టను గూడ దున్నుతరంట. ఉత్తరం దిక్కే. పోరగాండ్లు ఇరవై మంది తయారున్నరు. టీచరమ్మ వస్త అన్నది. మడులు గుర్తు పెట్టాలె. మీరు వస్తరా?"

"నాకు మన్ను సంగతి తెలియదమ్మా" అన్నాను.

"తెలువదు అన్నోళ్లే గావాలె సార్" అంది.

పదకొండో రోజు నిన్నటితో అయిపోయింది. ఆఫీసుకు సెలవు చీటీ పంపాను. రేపు పొద్దున ఆరు గంటల బస్సుకు దేవరకొండ వైపు వెళ్తున్నాను. గుట్ట కింద ఆ ఇరవై మంది ఉంటారు. కొలతాడుకు ఒక కొస వాళ్ల టీచరు పట్టుకుంటుంది. రెండో కొస పట్టుకుని నేను వాలు ఎక్కుతాను.