జెయింట్ వీల్‌లో ఇసుక బస్తా

ఎన్నో ఏళ్లుగా ఒక ఇసుక బస్తాను మోస్తున్నాను. దాని బరువెంతో నాకు తెలుసు. అది నా బరువే.

అప్పట్లో బాన్సువాడ శివారులో ఒక పాత ఆటల పార్కు ఉండేది. వానాకాలమంతా మూసేసి, మోటారు బెల్టు తీసి దాచేవారు. కాపలాకు సాయన్న ఒక్కడే. టికెట్ల గదే అతని ఇల్లు. నేను రైసుమిల్లులో పనిచేసేవాణ్ణి. చదువు తక్కువ, లెక్కల పిచ్చి ఎక్కువ. సాయంత్రాలు అటు వెళ్లి, నీడను బట్టి జెయింట్ వీల్ ఎత్తు అంచనా కట్టేవాణ్ణి. పైనుంచి తాడు జారవిడిచి దాన్ని సరిచూసుకోవాలని కోరిక.

బెల్టు లేని చక్రాన్ని చేత్తో తిప్పాలంటే బరువులు సరితూగాలి. ఒక బస్తాలో నా అంత బరువు ఇసుక నింపి ఎదుటి తొట్టిలో కట్టాం.

"నీకంటే గీ ఇసుకనే నయం తమ్మీ," అన్నాడు సాయన్న ముడి బిగిస్తూ. "లెక్కలు జెప్పి నా పానం తియ్యది."

చక్రం కిర్రుమంటూ కదిలింది. పైకి చేరాను. కాలువ కింది పొలాలన్నీ నాట్ల నీళ్లతో నిండి ఉన్నాయి. మడిమడికీ ఒక ఎర్రటి ఆకాశం. ఇంత లోకం ఇన్నాళ్లూ మా ఊరి పక్కనే ఉందా? లెక్కపెట్టాలనిపించనిదాన్ని జన్మలో మొదటిసారి చూశాను. తాడు జేబులోనే ఉండిపోయింది.

తర్వాత ఎన్ని సాయంత్రాలు ఎక్కినా తాడు తీయలేదు. దిగాక సాయన్న పొయ్యి రాజెయ్యడానికి పోయేవాడు. బస్తా విప్పడం నా పని. ఒకనాడు ఆ మైకంలోనే ఇంటికి నడిచాను. బస్తా తొట్టిలోనే ఉండిపోయింది.

మర్నాడు వెళ్లేసరికి పార్కు యజమాని ఆ బస్తా ముందు నిలబడి ఉన్నాడు.

"బెల్టు లేకుంటే ఎవర్నీ ఎక్కియ్యొద్దన్న గదా! ఎవడన్న పడి సస్తే నువ్వు జవాబు జెప్తవా? ఎవలెక్కిండ్రు?"

సాయన్న తల వంచుకున్నాడు. యజమాని నావైపు తిరిగాడు. "నువ్వు రోజు గిటు వస్తవ్ గదా. ఎవలెక్కిండ్రో చూసినవా?"

"లేదు సేటూ. నేనేం చూడలే."

సాయన్న నావైపు చూడలేదు. ఆ మేలు కూడా నాకే చేశాడు. చీకటి పడకముందే రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని బిచ్కుంద బస్సెక్కాడు.

ఎందుకు అబద్ధమాడాను? బుద్ధిమంతుడన్న పేరు పోతుందనా? నిజం చెప్పినా అతని పని పోయేదేనని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. పోయేదేమో. కానీ అతని పక్కన ఇంకొకడు నిలబడి ఉండేవాడు.

ఆ బస్తాను కాటా మీద పెట్టి, తర్వాత నన్ను నిలబెడితే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ ఆ పని చేయలేదు. కొన్నేళ్లకు చక్రాన్నీ విప్పి అమ్మేశారు. సాయన్న మళ్లీ కనిపించలేదు. నాట్ల కాలం వస్తే ఇప్పటికీ ఆ నీళ్లు కళ్లముందు మెరుస్తాయి. ఒళ్లు పులకరిస్తుంది, వెంటనే సిగ్గుతో ముడుచుకుపోతుంది.

ఆనాటి ప్రశ్నకు జవాబు మీకు చెబుతున్నాను. ఎక్కింది నేనే.