కుడి కన్ను అదిరిన వారం

మొన్న ఇంద్రేశం దారిలో ఎవరో చెట్లకు పురుగుమందు కొడుతుంటే, కుళ్లిన వెల్లుల్లి లాంటి వాసన గుప్పుమంది. ముసలి ముక్కు ఏదీ మరచిపోదు. వెంటనే సుగుణ డాక్టరమ్మ గుర్తొచ్చింది. పటాన్‌చెరు బస్టాండు వెనక ఆమెదో చిన్న దవాఖానా. మాబోటి కూలీలను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి. నన్ను చదువు దారి పట్టించిందీ ఆమే.

ఎనభైల్లో నేనూ, మా చెల్లెలి భర్త బాలయ్యా ఒకే పురుగుమందుల ఫ్యాక్టరీలో రోజుకూలీలం. మందును డ్రమ్ముల్లో నింపడం వాడి పని. ఒక వారం వాడి కుడి కన్ను ఆగకుండా అదిరింది. మగవాడికి కుడి కన్ను అదిరితే శుభం కదా!

"పర్మినెంటు జేస్తరు సూడు బావా," అన్నాడు.

"జేసినంక నాతోని మాట్లాడుతవో లేదో," అని నేనూ నవ్వాను.

అదురు భుజంలోకి దిగి, చెమటలు కారేసరికి దవాఖానాకు లాక్కెళ్లాను. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి.

"ఇది శుభం కాదు బాలయ్యా. నరం చివర ఒక రసం ఊరి కండ మీద పడుతది, కండ గుంజుకుంటది. ఆ రసాన్ని ఎంటనే తుడిచేసేది ఇంకోటి ఉంటది. మీ మందు దాన్నే కట్టేస్తది. ఇగ నరం ఊకున్నా కండ ఊకోదు. ఎగిరెగిరి, అలిసి పడిపోతది. ఊపిరి గుంజేది కూడా కండలే. పట్నం పెద్ద దవాఖానాకు పో. డ్రమ్ముల దిక్కు పోకు."

"నాగా పెడితే నా పేరు కొట్టేస్తరమ్మా."

సూది మందుతో కాస్త నెమ్మదించింది. తెల్లారి మళ్లీ పనికే పోయాడు.

మధ్యాహ్నం లారీలో పడుకోబెట్టి డాక్టరమ్మ దవాఖానాకు తెచ్చారు. చర్మం కింద పురుగులు పాకినట్టు ఒళ్లంతా కండలు కదిలాయి. తర్వాత అదీ ఆగింది. డాక్టరమ్మ వాడి ముక్కు మీద రబ్బరు సంచి పెట్టి నొక్కుతూ చాలాసేపు వాడి బదులు తానే ఊపిరి ఆడించింది. దక్కలేదు.

"గుండెపోటు," అన్నాడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సారు.

"గుండె ఆఖరిదాకా కొట్టుకుంది. ఆ మాట నా ముందు అనకండి," అందామె.

మా చెల్లెలు గోడకు ఆనుకుని అడిగింది: "అదిరింది కుడి కన్నే గదమ్మా. మరి గిట్లెందుకయింది?"

"కన్ను నిజమే చెప్పిందమ్మా. మనకే చదవరాలే."

ఆ మాట పట్టుకునే నేను పాత పుస్తకాలు తెచ్చుకున్నాను. రోగులు వెళ్లాక ఆమె ఎదుట కూర్చుని, అక్షరాలు కూడబలుక్కుంటూ నరం గురించీ కండ గురించీ చదివాను. కొన్నేళ్లకు అడిగాను: "మాకైతే అప్పుడు చదువు రాదమ్మా. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ అచ్చేసినోళ్లకు వచ్చు గద?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పింది.

ఇప్పుడామె కూడా లేదు. అడగాల్సింది ఆమెను కాదని నాకు అడిగినప్పుడే తెలుసు. అడగాల్సినవాళ్లు మాత్రం ఏ ఫ్యాక్టరీ గేటు ముందూ నా కోసం కారు ఆపలేదు.