హైమవతి డాక్టరుగారి ముఖాన్ని సరిదిద్దకండి

హైమవతి డాక్టరుగారు కన్నుమూశారన్న వార్త నాకు బడిలో ఉండగా తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు సంధులు చెబుతున్నాను. బందరు నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి, “టీచరుగారూ, అక్కయ్య పొద్దున కాఫీ తాగుతూ అలాగే కుర్చీలో ఒరిగిపోయిందండీ” అన్నారు. ఆ మాట చెవిని పడింది గాని మనసు స్వీకరించలేదు. ముందురోజు సాయంత్రం దాకా రోగులను చూసిన మనిషి. వినకపోతే ఎంతటివాణ్ణయినా గదమాయించిన కంఠం. అది శాశ్వతంగా మూగవోయిందని నమ్మడం ఎలా? చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయాను.

ఇటువంటి వ్యాసం శోకంతో సాగడం మర్యాద. నేనూ అలాగే రాయాలనుకున్నాను. కాని ఆమె సంస్మరణ సభకు వెళ్లి వచ్చాక నాలో దుఃఖం కన్నా ఆగ్రహమే ఎక్కువగా మిగిలింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ ఎవరో చెప్పాలి.

ఆమెది నందివాడ దగ్గర ఒక రైతు కుటుంబం. గుడివాడలో చదువుకుని, వైద్యవిద్య అభ్యసించి, చర్మవ్యాధుల చికిత్సలో ప్రత్యేక పట్టా పొంది బందరులో స్థిరపడ్డారు. ప్రతి గురువారం బస్సెక్కి మా అవనిగడ్డ వచ్చి దివిసీమ జనాన్ని చూసేవారు. పొట్టి మనిషి, నేతచీర, పెద్ద గొంతు. రెండు చెంపల నిండా, గడ్డం మీదా లోతైన గుంటలు, నల్లని మచ్చలు. యౌవనంలో మొటిమలు విడిచివెళ్లిన ఆనవాళ్లవి. వాటిని ఆమె ఏ పౌడరుతోనూ కప్పలేదు.

నేను మొదటిసారి ఆమె ఎదుట కూర్చునేనాటికి కొత్తగా ఉద్యోగంలో చేరాను. దవడల వెంట ఎర్రగా గడ్డకట్టిన మొటిమలు, ముట్టుకుంటే నొప్పి. పెళ్లికి ముందు “పెళ్లయితే పోతాయి” అన్నవాళ్లే, పెళ్లయ్యాక “ఒక బిడ్డ పుడితే పోతాయి” అనసాగారు. తోడు వచ్చిన మా అత్తగారు నేను నోరు తెరిచేలోగానే అందుకున్నారు.

“వేడి చేసిందండీ. వద్దంటున్నా జంతికలు తింటుంది. నూనె సరుకు మాన్పించండి మీరు.”

డాక్టరుగారు బల్ల కింద నుంచి తన టిఫిను డబ్బా తీసి, మూత తెరిచి, ఒక జంతిక నా చేతిలో పెట్టారు.

“తినమ్మా.”

నేను మా అత్తగారి వంక చూశాను.

“ఆవిడ వంక కాదు, నా వంక చూసి తిను” అని, అత్తగారి వైపు తిరిగారు. “అమ్మా, జంతికలో నూనె పొట్టలోకి పోద్ది గాని చెంపల్లోకి కారదండీ. చెంపల్లో నూనె చర్మమే తయారుచేసుకుంటుంది. ఒంట్లో మార్పులొచ్చినప్పుడు అది కాస్త ఎక్కువవుద్ది, రంధ్రం మూసుకుపోద్ది, లోపల సూక్ష్మజీవులు పెరిగి వాస్తుంది. ఇందులో ఈ పిల్ల చేసిన నేరం ఏముంది?”

“మరి తీపి తినొచ్చాండీ?” అత్తగారు గొంతు తగ్గించి అడిగారు.

“మరీ ఎక్కువైతే కొందరికి పెరుగుతాయి. తగ్గిస్తే మంచిదే. అలాగని కడుపు మాడ్చకండి.”

తరువాత నా నెలసరి సంగతి, నిద్ర సంగతి తిన్నగా అడిగారు. రక్తపరీక్ష రాశారు. ఒక మందు ట్యూబు చూపించి ఎలా వాడాలో చెప్పారు. “రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయి. మొటిమ మీద చుక్కలు పెట్టకు, అది ముగ్గు కాదు. సున్నిపిండితో రుద్దకు, అది మురికి కాదు. గిల్లావంటే మచ్చ పడుద్ది. మొదట్లో చర్మం ఎండిపోయి పొట్టు లేస్తుంది, నన్ను తిట్టుకుంటావు. తిట్టుకుంటూనే రాయి. మూడు నెలలు పోయాక వచ్చి మాట్లాడు. పిల్లల కోసం చూసుకునేటట్టయితే మాత్రం ముందే చెప్పు, మందు మార్చాలి.”

నేను నిజంగానే తిట్టుకున్నాను. మూడు నెలలు పోయాక తిట్టుకోవడం మానేశాను.

ఆమె ముఖం చూసి వెనక నుంచి గొణిగేవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. ఒకసారి ఒక పెద్దమనిషి ఆమె ఎదుటే అనేశాడు, “మీ మొహమే మీరు బాగుచేసుకోలేదు, మా అమ్మాయికేం చేస్తారండీ?” అని. గదిలో అందరం తలలు దించుకున్నాం. ఆమె మాత్రం అతని కూతురితో నెమ్మదిగా అన్నారు.

“నా చిన్నప్పుడు నాలాంటి డాక్టరు లేదమ్మా, అందుకని ఇలా ఉంది. నీకు నేనున్నాను.”

ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ చిన్నతనం సంగతి నాకు తరువాత చెప్పారు. ఎవరు ఏది చెబితే అది ఆమె ముఖానికి రాశారట. నిమ్మరసం, టూత్‌పేస్టు, ఇంకా ఏవేవో ఆకుపసర్లు. అక్క పెళ్లిలో అందరూ ఫోటోకు నిలబడుతుంటే మేనత్త వచ్చి, “నువ్వు కాస్త వెనక్కి వెళ్లవే, బాగోదు” అన్నదట. “మొటిమలు నొప్పి పెట్టలేదు టీచర్ గారూ, ఆ మాట నొప్పి పెట్టింది. ఆ రోజే అనుకున్నాను, ఈ చదువే చదవాలని” అన్నారు.

మా బడిలో పదో తరగతి చదివే రమ్యది నాగాయలంక వైపు ఒక చిన్న ఊరు. చక్కని కంఠం, పద్యం ఎత్తుకుంటే తరగతి నిశ్శబ్దమైపోయేది. ఉన్నట్టుండి ఆ పిల్ల బడి మానేసింది. ఇంటికి వెళ్తే చున్నీతో ముఖమంతా కప్పుకుని మూల కూర్చుని ఉంది. మొటిమలకని మందుల షాపులో అడిగితే ఒక తెల్లబడే క్రీము ఇచ్చారట. వారంలోపే మచ్చలు పోయి ముఖం తేరుకుంటే వీధంతా మెచ్చుకున్నారట. కొన్ని నెలలు రాసి, పండగకు ఊరెళ్లినప్పుడు నాలుగు రోజులు మానేసరికి ముఖం ఎర్రగా కమిలిపోయింది. చెంపలు, నుదురు చీముగడ్డలతో నిండిపోయాయి. ఎండ తగిలితే మంట. చెంపల మీద నూగు కూడా మొలిచింది.

గురువారం నాడు హైమవతి గారి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆమె ఆ ట్యూబు తిప్పి దాని మీది చిన్న అక్షరాలు చదివారు.

“ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. మందు మంచిదే, దేనికి ఎంత రాయాలో తెలిసినవాడు రాస్తే. మొటిమలకిది కాదు. వాపుని నొక్కి పెట్టి తెల్లబడ్డట్టు చూపిస్తుంది. ఈలోగా చర్మం పల్చబడిపోద్ది. మానగానే రెట్టింపై తిరగబడుద్ది. ఆ భయానికి మళ్లీ కొంటావు. అదీ వీళ్ల వ్యాపారం.”

“నా మొహం బాగవుద్దాండీ?” అంది రమ్య.

“అవుద్ది. నెలలు పడుద్ది. మధ్యలో అద్దం చూసి ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, అద్దానికి చెప్పుకోకు” అని, లేచి చెప్పులు తొడుక్కున్నారు. “పదండి, ఆ షాపు ఎక్కడో చూపించండి.”

షాపు యజమాని మర్యాదగానే లేచి నిలబడ్డాడు.

“డాక్టరు చీటీ లేకుండా ఇది అమ్మకూడదని దీని మీదే రాసుంది. చదివావా?”

“అందరూ అమ్ముతున్నారండీ. నేనొక్కణ్ణి మానేస్తే పక్క షాపులో కొనుక్కుంటారు.”

“పక్క షాపుకీ వెళ్తాను. నీతో మొదలెట్టాను.”

“అక్షరాలు మరీ చిన్నవి డాక్టరుగారూ, ఎవరు చదువుతారండీ?”

ఆమె రమ్య వైపు తిరిగి, “చూపిస్తావా తల్లీ? ఇష్టం లేకపోతే వద్దు” అన్నారు. రమ్య ఒక్క క్షణం ఆగి తనే చున్నీ తీసింది.

“అక్షరాలు చిన్నవి సరే. ఇది చదువు” అన్నారు డాక్టరుగారు.

అతను చదివాడు. ఆ రోజు నుంచి ఆ షాపులో ఆ క్రీము దొరకలేదు. కాని ఆ ట్యూబులను జిల్లా అంతటికీ పంపిణీ చేసే ఆసామి ఒకరు బందరులో ఉన్నారు. సభల్లో పెద్దపీట వేయించుకునే మనిషి. పేరు రాయను. ఆయన స్వయంగా ఆమె క్లినిక్కుకు వచ్చి, “మీ ప్రాక్టీసు మీరు చూసుకోండి మేడమ్, మా వ్యాపారం మేం చూసుకుంటాం” అన్నారట.

“మీ వ్యాపారమే నా ప్రాక్టీసై కూర్చుందండీ. నా దగ్గరకొచ్చే పిల్లల్లో సగంమంది మీ సరుకు రాసినవాళ్లే” అన్నారట ఈమె.

ఆ తరువాత జరిగిందంతా నేను చూశాను. ఆమె రాసిన మందులు బందరు షాపుల్లో హఠాత్తుగా ‘స్టాకు లేవు’. మందుల కంపెనీల దగ్గర కమిషన్లు తింటోందని ఒక ప్రచారం. ముఖమే సరిగా లేని డాక్టరమ్మ అని మరొకటి. అవనిగడ్డలో గురువారాలు ఆమె కూర్చునే గదిని యజమాని ఖాళీ చేయమన్నాడు. ఆమె అధికారులకు పంపిన అర్జీలన్నింటికీ ఒకటే జవాబు, ‘పరిశీలనలో ఉంది’. పిల్లల ముఖాలు కాలిపోతుంటే ఏమిటా పరిశీలన? దేన్ని పరిశీలించారు, ఎన్నాళ్లు పరిశీలించారు? ఈ రోజుకీ నాకు తెలియదు.

గది పోయిన గురువారం ఆమె సరాసరి మా ఇంటికి వచ్చారు. “మీ వరండా కాస్త ఇస్తారా టీచర్ గారూ?” అన్నారు. జంతికలు మాన్పించమన్న మా అత్తగారే కుర్చీ తుడిచి వేశారు. నాటి నుంచి చివరి వారం దాకా దివిసీమ పిల్లలు మా వరండాలోనే ఆమెకు ముఖం చూపించారు. రమ్య కూడా అక్కడే కోలుకుంది. ఏడాది పట్టింది. మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చేసి ఏడ్చిందో, ఈవిడ ఎన్నిసార్లు తిట్టి ఓదార్చారో వాళ్లిద్దరికే తెలుసు. ఇప్పుడు రమ్య నాగాయలంకలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది.

సంస్మరణ సభ బందరులో జరిగింది. నేనూ రమ్యా కలిసి వెళ్లాం. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ మీద ఎవరో నున్నని, తెల్లని చెంపల స్త్రీ నవ్వుతోంది. ఒక్క గుంట లేదు, ఒక్క మచ్చ లేదు. పేరు చదివితే గాని ఆమె హైమవతి గారని నాకు తెలియలేదు. వాళ్ల తమ్ముడు నా పక్కకు వచ్చి, “నేనిచ్చిన ఫోటో ఇది కాదండీ. బాగుంటుందని సభ పెట్టినవాళ్లే సరిచేశారట” అన్నారు.

సరిచేశారు! అరవయ్యేళ్లు దాటేదాకా ఆమె తల ఎత్తుకుని మోసిన ముఖాన్ని, ఎందరో ఆడపిల్లలకు ధైర్యమిచ్చిన ముఖాన్ని, ఆమె ప్రాణం పోయి కాదనలేని స్థితిలో ఉండగా సరిచేశారు. మేనత్త వెనక్కి వెళ్లమంది. వీళ్లు ఏకంగా తుడిచేశారు.

అంతకన్నా ఘోరం ఆ వేదిక మీదే జరిగింది. ముఖ్య అతిథిగా పూలదండ వేసినవారు ఆ పంపిణీదారే. “చర్మ సౌందర్యానికి జీవితాన్ని అంకితం చేసిన త్యాగమూర్తి, నాకు సోదరీ సమానురాలు” అని ఆయన ప్రసంగిస్తుంటే నేను లేచాను. “అయ్యా, ఆమె ఆపమని పోరాడిన ఆ క్రీము మీరు ఇంకా పంపుతున్నారా లేదా?” అని అడిగాను. సభాధ్యక్షుడు, “అమ్మా, ఇది సంతాప సభ. ఇప్పుడివన్నీ వద్దు, కూర్చోండి” అన్నారు.

నేను కూర్చోలేదు. నా పక్కన రమ్య కూడా లేచింది. మైకు లేదు, అవసరమూ కలగలేదు.

“ఆ క్రీము రాసినదాన్నండీ నేను. నా మొహం కాలిపోతే బాగుచేసింది ఆవిడ. ఆవిడకి చర్మ సౌందర్యం ఏమీ అక్కర్లేదండీ. మా మొహాలు మాకు మిగలాలన్నారు, అంతే. ఆ బొమ్మలో ఉన్నది మా డాక్టరమ్మ కాదండీ.”

ముఖ్య అతిథి సెల్‌ఫోను చూసుకుని, మరో కార్యక్రమం ఉందంటూ దిగి వెళ్లిపోయారు. ఆయనను ఎవరూ ఆపి జవాబు అడగలేదు. ఆ క్రీము నేటికీ అమ్ముడుపోతోంది. మనం సంతాపాలు ప్రకటిస్తున్నాం.

ఆ మరుసటి గురువారం పాలకాయతిప్ప వైపు నుంచి ఒక తల్లీ కూతురూ బస్సు దిగి మా గుమ్మంలోకి వచ్చారు. వాళ్లకు వార్త తెలియదు. చెప్పగానే ఆ తల్లి మెట్టు మీద కూలబడి, “అయ్యో, మరి మా పిల్లని ఇంకెవరు చూస్తారండీ?” అంది. ఆ పిల్ల చేతిలో అటువంటి ట్యూబే ఉంది.

నేను వైద్యురాలిని కాను. ఆ పిల్ల ముఖం చూసి మందు రాయగల విద్య నాకు లేదు. బందరు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో కనుక్కుని చెప్పి, ఈ ట్యూబు తప్పకుండా చూపించమన్నాను. ఇది అమ్మిన షాపు ఎక్కడని అడిగాను.

“రేవు దగ్గరండీ. ఎందుకండీ?” అంది తల్లి.

హైమవతి గారూ, మీ శాస్త్రం మాకు అబ్బలేదు. మీ చేతి చలవ మాకు రాదు. ఈ దివిసీమలో మీరు విడిచివెళ్లిన స్థానాన్ని పూరించేవారు నాకు కనుచూపు మేరలో లేరు. మీ పాదాలకు నమస్కరించి ఒక్కటి మాత్రం విన్నవించుకుంటాను. మీ కోపం కొంచెం మా దగ్గర మిగిలింది.

“పదండి, చూపించండి” అని చెప్పులు తొడుక్కున్నాను.